ఇంటిపనిని మళ్లీ డైరీలోకి తీసుకురండి

ఉమ్మడి వరంగల్ జిల్లా విద్యాధికారులకు, ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలకు, ఉపాధ్యాయులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను హనుమకొండలో పద్నాలుగేళ్లుగా సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం నడుపుతున్నాను. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికి తండ్రిని. ఫోన్ల మీద బతికేవాడు ఫోన్ల గురించి ఫిర్యాదు రాస్తే, కల్లు అమ్మేవాడు తాగవద్దని చెప్పినట్టుంటుందని నా భార్యే అంది. నిజమే. మీ పిల్లల ఫోన్ల డిస్‌ప్లేలు పగిలితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అయినా రాయక తప్పలేదు, ఎందుకంటే అడగవలసిన చోట్ల అడగడం అయిపోయింది.

జరిగింది ఇది. బడులు తెరిచిన జూన్‌లో మా అమ్మాయి పాఠశాలవాళ్లు ఇంటిపని డైరీని ఎత్తేశారు. ఇకమీదట ఇంటిపని అంతా వాట్సాప్ గ్రూపులోనే వస్తుందన్నారు. జూలైలో వెళ్లి అడిగితే ‘అందరికీ ఇదే పద్ధతి, మీ ఒక్కరి కోసం మార్చలేం’ అన్నారు. తల్లిదండ్రుల సమావేశంలో మళ్లీ అడిగాను. నా వెనక కూర్చున్న నలుగురైదుగురు తల ఊపారు, నోరు విప్పలేదు. వాళ్లను తప్పుపట్టను, పిల్లలు అక్కడే చదవాలి కదా. ఆ తర్వాత సోమవారం అర్జీల రోజున ఒక కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రసీదు మీద ముద్ర ఉంది, వరుస సంఖ్య ఉంది. జవాబు లేదు. ఏ బడి, ఏ కార్యాలయం అన్నది ఇక్కడ రాయడం లేదు. నాకు ఎవరి మీదా కక్ష లేదు, పైగా ఈ పద్ధతి ఒక్క బడితో ఆగింది కాదు. నా దుకాణానికి వచ్చే తల్లిదండ్రుల్లో పరకాల వాళ్లూ, నర్సంపేట వాళ్లూ, కాజీపేట వాళ్లూ ఇదే చెబుతున్నారు.

ఒక సాయంత్రం ఎలా గడుస్తుందో చెబుతాను. ఏడూ యాభైకి లెక్కల ఫొటో వస్తుంది. పుస్తకం పేజీని వంకరగా, నీడ పడేలా తీసిన ఫొటో. పిల్ల రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసుకుని అంకెలు పోల్చుకోవాలి. ఎనిమిదిన్నరకు సైన్సు. ఈలోగా ముప్పై నలభై మంది తల్లిదండ్రులు ఒకరి తర్వాత ఒకరు ‘ఓకే మేడమ్’ అనో, దండం బొమ్మో పెడతారు. ప్రతిదానికీ ఫోను ఒకసారి టింగుమంటుంది. తొమ్మిదీ పదికి ‘రేపు చార్టు తేవాలి’. ఆ వేళకు దుకాణాలు మూసేస్తారు, అది వేరే సంగతి. ఫోను ఎప్పుడు మోగినా పిల్ల తీయాల్సిందే, అది ఇంటిపని కావచ్చు కాబట్టి. తీసిన ఫోను వెంటనే పక్కన పెట్టేంత నిగ్రహం నలభై మూడేళ్ల నాకే లేదు. ఒక రాత్రి ఆ ఫోను సెట్టింగుల్లోకి వెళ్లి ఆనాటి వాడకం లెక్క చూశాను. ఇంటిపని గ్రూపులో ఇరవై రెండు నిమిషాలు. చిన్న వీడియోల్లో రెండు గంటల పైన.

నా కౌంటరు మీదికి వచ్చే ఫోన్లలో పిల్లలు వాడేవేవో ఎవరూ చెప్పనక్కర లేదు. ఆపేసిన ఫోనును ట్యూబులైటు కింద కొంచెం వంచి పట్టుకుంటే గాజు మీది పూత అరిగిన చోటు మసకగా కనిపిస్తుంది. పెద్దవాళ్ల ఫోన్లలో ఆ మసక అక్కడక్కడా చెదిరి ఉంటుంది. పిల్లల ఫోన్లలో కుడివైపు నడుమ నుంచి పైకి ఒకటే చార, బొటనవేలంత వెడల్పున. వీడియోను పైకి తోసి తోసి పడిన బాట అది. ఛార్జింగ్ పిన్ కూడా వదులైపోయి ఉంటుంది. ఛార్జింగ్‌లో పెట్టుకునే చూస్తారు, వైరు ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది.

ఆ ఫోన్లు తెచ్చే తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న మాత్రం వేరు. ‘అన్నా, దీని రేడియేషన్‌కు పిల్ల మెదడు పాడవుతుందా?’ కొన్నేళ్ల క్రితం ఫోను వెనక అంటించే రేడియేషన్ స్టిక్కర్లు నేనూ అమ్మాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. సెల్‌ఫోను తరంగాలను 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ‘క్యాన్సర్‌కు కారణం కావడానికి అవకాశం ఉన్నవి’ అనే జాబితాలో పెట్టిన మాట నిజమే. కానీ ఆ సంస్థే కోరగా జరిగి, 2024లో వెలువడిన విస్తృత సమీక్షలో ఫోను వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. మనం భయపడాల్సింది తరంగాలకు కాదు. పిల్లల ధ్యాసకూ నిద్రకూ జ్ఞాపకానికీ ఫోను ఏం చేస్తుందన్నదే అసలు ప్రశ్న. అర్జీలు రాసే క్రమంలో దాని గురించి చదివాను, తెలిసిన డాక్టర్లను అడిగాను. అందులో మీ ముందు పెట్టదగ్గవి ఇవి.

1. ధ్యాస. మా నాన్న తెలుగు పండితుడు. చిన్నప్పుడు నన్ను ఒక అష్టావధానానికి తీసుకెళ్లారు. ఎనిమిది మంది పృచ్ఛకులు. సమస్య ఇచ్చేవారు ఒకరు, అక్షరాలు నిషేధించేవారు ఒకరు, మధ్యమధ్య గంట కొట్టేవారు ఒకరు. వారిలో నాకు నచ్చింది అప్రస్తుత ప్రసంగి. అవధాని పద్యపాదం కట్టుకుంటూ ఉండగా సంబంధం లేని ప్రశ్న వేసి ఆ ధారను తెంచడమే ఆయన పని. అవధానం అంటే ధ్యాస నిలపడమే. దాన్ని చెడగొట్టడం ఎంత తేలికో తెలుసు కాబట్టే మన పెద్దలు దానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టారు. ఏళ్ల తరబడి సాధన చేసిన అవధాని ఆయన్ని తట్టుకునేది కొన్ని గంటలే. పదమూడేళ్ల పిల్లకు మనం రోజూ సాయంత్రం ఒక అప్రస్తుత ప్రసంగిని బల్ల మీద పెట్టి, పక్కనే లెక్కలు చేసుకోమంటున్నాం.

2015లో అమెరికాలోని ఫ్లోరిడాలో చేసిన ఒక ప్రయోగంలో, ఫోను తీసి చూడకపోయినా, వచ్చిన చప్పుడు వింటేనే చేస్తున్న పనిలో తప్పులు పెరిగాయి. 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు 800 మందితో ఇంకో ప్రయోగం చేశారు. కొందరి ఫోన్లు బల్ల మీద బోర్లా పెట్టించారు, కొందరివి జేబులోనో సంచిలోనో, కొందరివి పక్క గదిలో. అన్నీ మోగకుండా ఉన్నవే. పక్క గదిలో పెట్టినవాళ్లు బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కంటే పరీక్ష బాగా చేశారు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసి చూసినప్పుడు ఈ రెండో ఫలితం ప్రతిసారీ రాలేదు. మోగకుండా పడి ఉన్న ఫోను సంగతి ఇంకా తేలలేదనుకుందాం. మోగే ఫోను సంగతి మాత్రం ఏ తల్లికీ ప్రయోగం చేసి చూపనక్కర లేదు.

2. ఎందుకు వదలలేకపోతున్నారు? ‘బుద్ధి ఉండాలి’ అనేది మనందరం పిల్లలకు ఇచ్చే జవాబు. 1990లలో వుల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతులకు పండ్లరసం ఇస్తూ, మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించాడు. మొదట రసం అందినప్పుడు ఆ కణాలు చురుకయ్యాయి. రసానికి ముందు ఒక సంకేతం చూపడం అలవాటు చేశాక, రసం దగ్గర కాకుండా ఆ సంకేతం దగ్గరే చురుకవడం మొదలుపెట్టాయి. ఊహించని రసం దొరికితే ఇంకా ఎక్కువ. ఫోను టింగుమన్నప్పుడు పిల్ల చేయి తనంతట తాను కదలడం వెనక ఉన్నది ఇదే. వచ్చింది ఇంటిపనో, స్నేహితురాలి మాటో, ఉత్త దండం బొమ్మో తెలియదు. తెలియకపోవడంలోనే ఉంది లాగుడంతా. పైగా వీడియోలకు అంచు లేదు. పేజీ అడుగు అనేదే లేకుండా కిందికి జారుతూ పోయే ఏర్పాటును 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, తర్వాత దాని గురించి బాహాటంగానే పశ్చాత్తాపపడ్డాడు. ఇటు చూస్తే, ‘ఇక చాలు’ అని తనను తాను ఆపుకునే పని మెదడులో ఎక్కువగా నుదుటి వెనక భాగానిది. అది పూర్తిగా పరిపక్వమయ్యేసరికి దాదాపు పాతికేళ్లు వస్తాయి. పదమూడేళ్ల పిల్లకు ఇంకా సరిగా బిగించని బ్రేకుతో బండి ఇచ్చి, గుద్దితే తిట్టడం మన తెలివి.

ఇది మా ఇంటి గొడవే అనుకోవద్దు. దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల్లో పిల్లల చదువుల మీద జరిపిన 2024 అసర్ సర్వేలో 14–16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు వారంలో ఫోనును చదువుకు వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. చదువు కోసమని చేతికిచ్చిన వస్తువు చివరికి ఏ పనికి వెళుతోందో ఆ రెండు అంకెల్లో ఉంది.

3. నిద్ర. ఆ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యుల సిఫారసు. మా వీధికి బడి బస్సు ఉదయం ఏడింటికి ముందే వస్తుంది. అంటే తొమ్మిదిన్నరకల్లా దీపం ఆర్పాలి. తొమ్మిదీ పదికి ‘చార్టు తేవాలి’ అని పెట్టే మేడం ఈ లెక్క వేసుకున్నట్టు లేదు. తెర వెలుగు రాత్రివేళ మెలటోనిన్ అనే నిద్ర హార్మోనును తగ్గిస్తుంది. 2014లో బోస్టన్‌లో పన్నెండు మందికి కొన్ని రాత్రులు వెలుగు తెర మీద, కొన్ని రాత్రులు అచ్చు పుస్తకంలో చదివించి చూశారు. తెర మీద చదివిన రాత్రుల్లో మెలటోనిన్ తగ్గింది, నిద్ర ఆలస్యంగా పట్టింది, తెల్లారి మగత ఎక్కువగా ఉంది. పన్నెండు మంది చిన్న గుంపే, ఆలస్యం కూడా పది నిమిషాలే. వెలుగు కంటే వీడియోలు మింగే గంటలే పెద్ద దెబ్బ అని నా అనుభవం. పగలు చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. నిద్ర కోసేసి మర్నాడు మొదటి పీరియడ్‌లో ఎక్కాలు అడిగితే పిల్ల గోడలు చూస్తుంది.

4. చేతిరాత. ఈ లేఖలో నేను అడిగే ప్రధానమైన కోరికకు ఆధారం ఇదే. నార్వేలో 36 మంది విద్యార్థుల తలకు మెదడు విద్యుత్తును నమోదు చేసే పరికరం పెట్టి, ఒకే మాటను చేత్తో రాసినప్పుడూ, కీబోర్డు నొక్కినప్పుడూ పోల్చారు. ఆ పరిశోధన 2024లో వెలువడింది. చేత్తో రాసేటప్పుడు మెదడు భాగాల మధ్య అనుసంధానం చాలా విస్తృతంగా కనిపించింది. డైరీలో ‘లెక్కలు, 64వ పేజీ, 3 నుంచి 7’ అని రాసుకున్న పిల్లకు ఆ వాక్యం రాయడంతోనే పని సగం గుర్తుంటుంది. ఫొటో వస్తే? అది ఫోనులో ఉంది కదా అని మెదడు దాన్ని పట్టించుకోదు. లండన్ టాక్సీ డ్రైవర్లు వేల వీధులు కంఠస్థం చేయాలి. 2000లో స్కానింగు చేసి చూస్తే వాళ్ల మెదడులో దారులను గుర్తుంచుకునే భాగం వెనకవైపు ఇతరుల కంటే పెద్దదిగా ఉంది. వాడేదాన్ని బట్టి మెదడు మారుతుంది. మన పిల్లల చేత మనం ఏం వాడిస్తున్నామో చూసుకోవాలి.

5. డబ్బు. ఏనుమాముల మార్కెట్లో హమాలీ పని చేసే ఒకాయన ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అది ఆయన జేబులో ఉంటుంది. మిర్చి సీజన్‌లో ఆయన ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఇద్దరు పిల్లల ఇంటిపని అప్పుడు మొదలవుతుంది. మర్నాడు ‘ఎందుకు చేయలేదు’ అని నిలబెడితే ఆ చిన్నవాడు ఏం చెప్పాలి? చివరికి ఆయన భార్య నా దగ్గరికి వచ్చి, పాత ఫోను ఒకటి వాయిదాల మీద ఇవ్వమంది. ఇచ్చాను. ఇచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ లేఖ ఆ రాత్రి మొదలైందే.

అవతలి వాదన కూడా నాకు తెలుసు. ఎక్కువ ఫోను వాడకం మెదడును పాడు చేస్తుందని నిరూపణ ఉందా అని అడగవచ్చు. అమెరికాలో దాదాపు 12 వేల మంది పిల్లలను తొమ్మిది పదేళ్ల వయసు నుంచి మెదడు స్కానింగులతో ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. తెరకు ఎక్కువ అతుక్కునే కొందరిలో మెదడు పైపొర మందంలో తేడాలు కనిపించాయి. ఫోను వల్ల ఆ తేడా వచ్చిందా, అటువంటి పిల్లలే ఫోను వైపు ఎక్కువ మొగ్గుతారా అన్నది తేలలేదు. ఫోను వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ విడిగా జబ్బుగా గుర్తించలేదు కూడా. 2022 నుంచి అమల్లో ఉన్న దాని జబ్బుల జాబితాలో ఇటువంటివాటిలో ఉన్నది గేమ్‌ల రుగ్మత ఒక్కటే. కానీ బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి 2014లోనే ఇటువంటి అలవాట్లతో వచ్చేవారి కోసం ప్రత్యేక క్లినిక్ తెరిచింది. నేను మెదడు కుళ్లిపోతోందని అరవడం లేదు. ధ్యాస తెగడం, నిద్ర తరగడం కళ్ల ముందు కనిపిస్తున్నాయి, వాటిని తెచ్చిపెడుతున్న పని అవసరం లేనిది, మానేయవచ్చు అంటున్నాను. ఫ్రాన్స్ 2018లో బడుల్లో ఫోన్లు నిషేధించింది. యునెస్కో 2023 నివేదికలో చదువుకు ఉపయోగపడితేనే బడిలో ఫోను ఉండాలంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి పదహారేళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. నేను అంత దూరం వెళ్లమనడం లేదు. అరవై రూపాయల డైరీ అడుగుతున్నాను.

ఉపాధ్యాయులకు ఒక మాట. మీలో చాలామందికి ఈ గ్రూపులు ఇష్టం లేదని తెలుసు. తక్కువ జీతానికి పగలంతా చెప్పి, రాత్రి తొమ్మిదింటికి మళ్లీ ఫొటోలు పెట్టి, ‘మేడమ్, ఫొటో కనపడటం లేదు’ అనే వాళ్లకు జవాబిస్తూ కూర్చోవడం మీకు మాత్రం సుఖమా? ఈ కోరికలు మీ కోసం కూడా.

మా కోరికలు:

1. ఇంటిపనిని ప్రతి పీరియడ్ చివర బోర్డు మీద రాసి, పిల్లల చేత డైరీలో రాయించాలి. ఆఖరి గంట తర్వాత కొత్త ఇంటిపని ఇవ్వకూడదు. ఈ మేరకు ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నిటికీ రాతపూర్వకంగా ఆదేశం వెళ్లాలి. మిగతావన్నీ ఆలస్యమైనా ఓర్చుకుంటాం, ఇది మాత్రం వెంటనే కావాలి.

2. వాట్సాప్ గ్రూపులు సెలవులు, బస్సు ఆలస్యం, ఫీజుల వంటి సమాచారానికే పరిమితం కావాలి. సాయంత్రం ఆరు తర్వాత ఏదీ పెట్టకూడదు. బడి ఒక్కటే పంపగలిగేలా గ్రూపును అమర్చాలి, అప్పుడు నలభై దండాలు ఉండవు. ఆ అమరిక ఎలా చేయాలో తెలియకపోతే నా దుకాణానికి రండి, ఒక్క నిమిషం పని, డబ్బు తీసుకోను.

3. ఇంట్లో ఫోను లేదనో, చూడలేదనో ఏ పిల్లనూ నిలబెట్టకూడదు.

4. గ్రంథాలయాలు సాయంత్రం పిల్లలకు తెరిచి ఉండాలి. మేము కట్టే ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరు మాది. ఆ కాలంలో చందాలు వేసుకుని చదువుకున్నారు, ఇప్పుడు సెస్సు కట్టి కూడా పిల్లలకు సాయంత్రం కూర్చునే బల్ల అడగాల్సి వస్తోంది.

5. ఫోను మానలేక బాధపడుతున్న పిల్లలను తిట్టి పంపకుండా సాయం చేయాలి. కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే డబ్బులు తీసుకోకుండా మాట్లాడతారు. ఆ నంబరు డైరీ వెనక అట్ట మీద అచ్చు వేయించండి.

6. ఈ లేఖకు ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కాదంటే ఎందుకు కాదో రాయండి. అదీ రాకపోతే సమాచార హక్కు చట్టం కింద నా రెండు పాత అర్జీలు ఏ బల్ల మీద ఉన్నాయో అడుగుతాను.

నా వంతు కూడా చెప్పాలి కదా. పెద్దవాళ్లు వెంట లేకుండా వచ్చే బడి పిల్లలకు ఇకమీదట ఫోను అమ్మను. రాత్రి తొమ్మిది తర్వాత పిల్లల ఫోనులో వీడియోలు ఆగిపోయేలా తల్లిదండ్రులకు ఊరికే అమర్చి ఇస్తాను. ఇప్పటికి పదకొండు మందికి చేశాను. వాళ్లలో ఇద్దరు మర్నాడే తిరిగి వచ్చి తీసేయమన్నారు, ఎందుకంటే తొమ్మిదీ పదికి ఇంటిపని వచ్చింది.

వచ్చే సోమవారం మూడో అర్జీతో, ఈ లేఖ ప్రతితో మళ్లీ వరుసలో నిలబడతాను. ఆ పూట దుకాణం మూసి ఉంటుంది, రిపేరుకు ఇచ్చినవాళ్లు మధ్యాహ్నం తర్వాత రాగలరు.

ఇట్లు,
హనుమకొండ సెల్‌ఫోన్ రిపేరు దుకాణదారు,
ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి